45 రూపాయల స్టీలు గ్లాసు, పధ్నాలుగు నెలల మనవరాలు

ముప్పై ఏళ్లకు పైగా కాఫీ హోటల్ నడిపినవాణ్ణి. గ్లాసు చేతిలోకి తీసుకుంటే అంచు ఎలా మడిచారో, ఎన్నాళ్లకి సొట్ట పడుతుందో చెప్పేస్తాను. అలాంటివాణ్ణి చంటిపిల్ల గ్లాసు కోసం రాజమండ్రి మెయిన్ రోడ్డులో గంటసేపు నిలబడాల్సి వచ్చింది.

మా అమ్మాయి బెంగళూరు నుంచి రెండు నెలలుండడానికి వచ్చింది. పిల్లకి ఏడాది దాటింది కాబట్టి పాలసీసా మాన్పించమనీ, రాత్రిపూట సీసా నోట్లో పెట్టుకుని నిద్రపోతే పళ్లు పుచ్చిపోతాయనీ అక్కడి డాక్టరు చెప్పారట. దానికి బదులని మూతా, ముక్కూ ఉన్న ప్లాస్టిక్ కప్పొకటి తెచ్చింది. తలకిందులు చేసినా చుక్క కారదు. భలే ఉందే అనుకుని మూత విప్పి చూశాను. లోపల రబ్బరు బిళ్ల. పిల్ల గట్టిగా పీలిస్తేనే అది తెరుచుకుంటుంది. అంటే సీసా పోయి సీసా తమ్ముడొచ్చాడు. పైగా ఆ బిళ్ల సందులో నల్లగా బూజు. హోటల్లో అలా కడిగితే కుర్రాణ్ణి ఊరుకునేవాణ్ణి కాదు. ఇంట్లో కడిగేది మా ఆవిడ కాబట్టి ఏమీ అనలేదు.

మా ఆవిడ ముందు బీరువాలోంచి వెండి ఉగ్గుగిన్నె తీసింది, మా అమ్మాయికి పట్టిందే. నెలల పిల్లకి అంతకంటే మంచిది లేదు. కాకపోతే అందులో పనంతా పోసేవాళ్లదే, పిల్ల నోరు తెరిస్తే చాలు. మా బుజ్జిది ఆ వయసు దాటిపోయింది. లాక్కుని నేలకేసి కొట్టింది.

అప్పుడు వెళ్లాను స్టీలు సామాన్ల కొట్టుకి. చిన్న గ్లాసంటే కుర్రాడు కాఫీ గ్లాసులు చూపించాడు, సన్నగా, పొడుగ్గా. అవి పిల్లలకి పనికిరావు. వంచేసరికి అవతలి అంచు ముక్కుకి తగులుతుంది, ఇక తాగాలంటే తల వెనక్కి వాల్చాలి. తల వాలిస్తే పొలమారుతుంది. ఎవరో తలుచుకుంటున్నారని మాడు మీద తడుతూ కూర్చోవాలి. కావలసింది పొట్టి గ్లాసు, నోరు వెడల్పుగా ఉండాలి. సగం పోస్తే కాస్త వంచగానే పెదవికి అందాలి. ఒక అరంతా దింపించాక దొరికింది. రెండంగుళాల ఎత్తు, నోరు రెండుంబావు, అంచు బయటికి గుండ్రంగా మడిచి ఉంది. ఇంటికొచ్చి దగ్గు మందు మూతతో కొలిచాను, అంచుదాకా 90 మిల్లీలీటర్లు పట్టింది. 45 రూపాయలు.

"పేరు కొట్టమంటారా బాబాయ్ గారూ, డబ్బులేం వద్దు" అన్నాడు. ఉచితం కదాని సరేనన్నాను. సరిగ్గా అంచు పక్కన కొట్టాడు. వేలితో రాస్తే గరుకు. మీరు కొట్టిస్తే అడుగున కొట్టించండి. స్టిక్కరు గోళ్లతో గీకకండి, ఖాళీ గ్లాసుని సన్న సెగ మీద రెండు క్షణాలు చూపిస్తే దానంతటదే ఊడొస్తుంది. కొత్త స్టీలుకి పాలిష్ నలుపుంటుంది, నూనె గుడ్డతో తుడిచి, గుడ్డకి నలుపు అంటకుండా అయ్యాక తోమాలి.

మొదటి రెండు రోజులూ నీళ్లతో ప్రయత్నించి గౌనులు తడిపాం. నీళ్లు జారుడు, పిల్ల మూతి సర్దుకునేలోపు ఒక్కసారిగా వచ్చి పడతాయి. మూడో రోజు మా ఆవిడ రాగిజావ పోసింది. చిక్కటిది కాబట్టి మెల్లగా కదులుతుంది, పిల్లకి వ్యవధి దొరుకుతుంది. ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టి, గ్లాసు కింది పెదవి మీద ఆన్చి, జావ పై పెదవికి తగిలేదాకా వంచి ఆపేయాలి. అక్కణ్ణుంచి లాక్కోవడం దాని పని. మనం పోశామా, మళ్లీ ఉగ్గుగిన్నె కథే. ఒక గుక్క, గ్లాసు దించడం, మళ్లీ గుక్క. జావ తర్వాత మజ్జిగ, మజ్జిగ తర్వాత నీళ్లు. వారంలో మూతి మీద తెల్లమీసం తప్ప పెద్దగా ఒలకడం లేదు.

ఆ తర్వాత ఒకరోజు ఉన్నట్టుండి గ్లాసు రెండు చేతులతో తలపైకెత్తి మొహం మీద కుమ్మరించుకుంది. మర్నాడూ అంతే. గ్లాసు లోపమేమో అనుకున్నాను, అంచు తిప్పి తిప్పి చూశాను. మా ఆవిడ నవ్వాపుకోలేక "మీరు తాగేది చూసుకోండి" అంది. నిజమే. గ్లాసు కరుచుకుంటే ఎంగిలని చిన్నప్పుడు మా నాయనమ్మ చేతి మీద కొట్టేది. అరవై ఏళ్లుగా ఎత్తి పోసుకోవడమే అలవాటు. భోజనాల దగ్గర పిల్ల నా ఎదురుగానే కూర్చుంటుంది మరి.

దానితో నేనూ గ్లాసు పెదవికి ఆన్చుకుని తాగడం మొదలెట్టాను. మొదట్లో నాకూ చొక్కా తడిసింది. మా అమ్మాయి ఆ ఫొటో తీసి అల్లుడికి పంపింది. నాలుగు రోజుల్లో పిల్ల మళ్లీ దారికొచ్చింది. ఆ తర్వాత నేను తాగేటప్పుడు నా గ్లాసు అడుగున చెయ్యి పెట్టి తనే వంచేది.

ఇక గ్లాసులో లోపాలు. స్టీలు ఇట్టే కాలుతుంది. పాలు మనకి గోరువెచ్చగా అనిపించినా, అంచు మీద పెదవి పెట్టి చూడందే పిల్లకి ఇవ్వకండి. లోపల ఎంతుందో బయటికి కనపడదు, పక్కనుంచి వంగి చూస్తూ ఉండాలి. విసిరితే మధ్యాహ్నం నిద్రపోయేవాళ్లంతా లేస్తారు, ఇప్పటికి రెండు సొట్టలు. గాజుదైతే ఎంతుందో కనపడేది గానీ ఈపాటికి చీపురు పట్టుకుని తిరిగేవాళ్లం. అయిదుకి నాలుగిస్తాను. తగ్గించిన ఒకటీ ఆ పేరు కొట్టిన చోటుకి.

ప్రయాణాలకి మాత్రం దీన్ని నమ్ముకోకండి. మొన్న వాళ్లని శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కించినప్పుడు, రబ్బరు బిళ్ల విప్పి సోడా వేసి తోమి, ఆ మూత కప్పే సంచిలో పెట్టాం. గ్లాసు కూడా పెట్టమన్నాను. పెట్టారు. ఇంట్లో ఉంచుకోవడానికి ఇంకోటి కొనాలి.