ఆప్టిమస్ ప్రైమ్: 1984 బొమ్మా, సినిమా బొమ్మా?

ఆప్టిమస్ ప్రైమ్ అంటే ట్రాన్స్‌ఫార్మర్స్ కార్టూన్లో, సినిమాల్లో లారీగా మారే రోబో నాయకుడు.

రూపం మార్చడం: పాతదాన్ని నిమిషంలో లారీ చేసేయొచ్చు. సినిమాదానికి పలకలు బోలెడు. ఒక్కటి సరిగా కూర్చోకపోయినా మిగతావి మూసుకోవు. బలవంతం చేస్తే పిన్ను దగ్గర ప్లాస్టిక్ తెల్లబడుతుంది. విరగబోతోందని అర్థం.

పాడయ్యే తీరు: పాతదానికి స్టిక్కర్లు లేస్తాయి, క్రోమ్ పూత అరుగుతుంది. పిడికిళ్లు విడిగా ఊడొస్తాయి కాబట్టి ముందు పోయేవి అవే, కొనేముందు చూసుకోండి. సినిమాదానికి బంతి కీళ్లు వదులవుతాయి. రంగులేని నెయిల్ పాలిష్ పల్చగా పూసి 24 గంటలు ఆరనివ్వండి. తడిమీద బిగించారో, అతుక్కుపోతాయి.

ఖర్చు: పెట్టెతో సహా అసలుది చుక్కల్లో ఉంటుంది, రీఇష్యూ (అదే బొమ్మను కంపెనీ మళ్లీ తయారుచేసి అమ్మేది) నయం.

నీతి: 2011 ట్రాన్స్‌ఫార్మర్స్ సినిమాలో ఈ 'నాయకుడు' కిందపడి బతిమాలుతున్న సెంటినెల్‌ను (తనకు ముందు నాయకుడిగా ఉండి, ద్రోహం చేసిన రోబోను) కాల్చేస్తాడు. కార్టూన్ ప్రైమ్‌ను ఇష్టపడ్డవాళ్లకు అది మింగుడుపడదు.

అరలో అలంకారానికైతే సినిమాది. రోజూ చేతిలో తిప్పాలంటే రీఇష్యూ.