క్వెన్యానా, సిందారినా?

ఎల్ఫుల భాషలో నాలుగు ముక్కలు మాట్లాడాలంటే 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' రచయిత టోల్కీన్ అల్లిన ఈ రెండు భాషల్లో ఒకటి పట్టుకోండి. రెండూ ఒకేసారి మొదలెడితే కలగాపులగమే.

ఖర్చు: రెంటికీ సున్నా. ఎల్డామో నిఘంటువు నెట్‌లో ఉచితం.

శ్రమ: అసలు తేడా ఇక్కడే.
క్వెన్యాది ఫిన్నిష్ ఒరవడి. మన విభక్తుల్లాగే ప్రత్యయాలు చివర చేరతాయి. ఎఅర్ సముద్రం, ఎఅరెన్న సముద్రానికి, ఎఅరెల్లో సముద్రం నుంచి. ఆర్కే బీచ్‌లో నడుస్తూ వల్లె వేసుకోవచ్చు. ద్విత్వం తేలిపోకుండా పలకాలి, అది మనకు పుట్టుకతో వచ్చిందే.
సిందారిన్‌ది వెల్ష్ పోలిక. మాట మొదలే మారిపోతుంది: మెల్లోన్ స్నేహితుడు, 'ఆ స్నేహితుడు' అంటే ఇ వెల్లోన్. నిఘంటువులో 'వ' కింద వెతికితే దొరకదు, 'మ' కింద చూడాలి. బహువచనంలో అచ్చులూ మారతాయి: అమోన్ కొండ, ఎమిన్ కొండలు. ఎమిన్‌లోని 'ఇ'ని పెదాలు గుండ్రంగా చుట్టి పలకాలి.

రిస్కు: ఫోను, సిటీ బస్సు లాంటివాటికి రెంటిలోనూ అభిమానులు కట్టిన మాటలే దిక్కు. నోట్సులో వాటిని వేరే రంగు సిరాతో రాయండి.

నప్పేది: పలకరింపులు, ఊర్ల పేర్లు, సినిమా డైలాగులు చాలనుకుంటే సిందారిన్. సొంత వాక్యాలు కట్టాలంటే, ముఖ్యంగా తెలుగువాళ్లకు, క్వెన్యాయే.