జాగ్రత్త: ‘8 జీబీ ర్యామ్, 128 జీబీ స్టోరేజ్, 8కే’ అని రాసున్న టీవీ స్టిక్‌లు

ఆన్‌లైన్‌లో పదిహేను వందల నుంచి మూడు వేల దాకా దొరుకుతున్న, ఊరూ పేరూ లేని ఆండ్రాయిడ్ టీవీ స్టిక్‌లు, చిన్న టీవీ బాక్సుల గురించి ఈ హెచ్చరిక. ఇప్పటికే ఆర్డర్ పెట్టేసిన వాళ్లు ముందు ఈ ఒక్క మాట వినండి. స్టిక్ చేతికొచ్చాక కింది పరీక్షలన్నీ అయ్యేదాకా అందులో మీ జీమెయిల్ పెట్టొద్దు, ఇంటి అసలు వైఫై పాస్‌వర్డ్ ఇవ్వొద్దు. రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ (ఇంటి పరికరాలకు సంబంధం లేకుండా విడిగా ఉండే వైఫై) ఆన్ చేసి దానికే కలపండి. ఆ సౌకర్యం లేకపోతే ఫోన్ హాట్‌స్పాట్ చాలు. పరీక్షకు అవసరమైన యాప్‌ల కోసం కొత్తగా ఒక ఖాళీ జీమెయిల్ తెరవండి, దానికి మీ బ్యాంకు ఖాతాకు ఇచ్చిన ఫోన్ నంబరు గానీ పాత మెయిల్ గానీ జతచేయకండి.

మోసం పెట్టె మీదే మొదలవుతుంది. పేరున్న కంపెనీల స్టిక్‌లలో అంకెలు నిజానికి చిన్నవే. 2023లో వచ్చిన ఫైర్ టీవీ స్టిక్ 4కేలో ర్యామ్ 2 జీబీ, స్టోరేజ్ 8 జీబీ. దాని పై మోడల్ 4కే మ్యాక్స్‌లో 2 జీబీ, 16 జీబీ. షావోమీ టీవీ స్టిక్ 4కేలో కూడా 2 జీబీ, 8 జీబీయే. వాటి ధరలో సగానికే 8 జీబీ, 128 జీబీ ఇస్తామంటే లెక్క ఎక్కడా కుదరదు. విప్పి చూస్తే ఇలాంటి వాటిలో సాధారణంగా 1 లేదా 2 జీబీ ర్యామ్, 8 లేదా 16 జీబీ స్టోరేజ్ ఉంటాయి. సెట్టింగ్స్‌లో ‘అబౌట్’ పేజీ తెరిస్తే మాత్రం 128 అనే కనిపిస్తుంది. ఫర్మ్‌వేర్ (ఫ్యాక్టరీలోనే ఎక్కించి ఇచ్చే సాఫ్ట్‌వేర్) తయారుచేసేటప్పుడే ఆ పేజీలో ఆ అంకె వేసిపెడతారు కాబట్టి ఆ పేజీని సాక్ష్యంగా తీసుకోకండి. ఆండ్రాయిడ్ వెర్షన్ కూడా అంతే. పైకి 13 అని చూపించేది లోపల 10 కావచ్చు, 7.1 కూడా కావచ్చు.

చిప్ పేరు తెలిస్తే సగం అబద్ధాలు అక్కడే తేలిపోతాయి. ఈ ధరలో ఎక్కువగా కనిపించేవి ఆల్‌విన్నర్ హెచ్313, హెచ్616, రాక్‌చిప్ ఆర్‌కే3229. హెచ్616 తీసుకోగలిగిన ర్యామ్ గరిష్ఠంగా 4 జీబీ, అంటే 8 జీబీ బిగించే వీలే లేదు. దాని హెచ్‌డీఎంఐ 2.0 రకం, సెకనుకు 60 ఫ్రేముల 4కే దగ్గర ఆగిపోతుంది. కాబట్టి ఆ చిప్ మీద ‘8కే’ అని రాయడం పచ్చి అబద్ధం. ఆర్‌కే3229 అయితే కార్టెక్స్ ఏ7 కోర్లున్న పాత 32 బిట్ చిప్. ఇప్పుడొస్తున్న యాప్‌లు దాని మీద ఈడ్చుకుంటూ నడుస్తాయి.

ఇక పరీక్షలు. పరికరం లోపలి వివరాలు చూపించే డెవ్‌చెక్ యాప్ గానీ ఎయిడా64 గానీ ఎక్కించి ముందు ‘ఏపీఐ లెవల్’ చూడండి, ఆండ్రాయిడ్ ప్రతి వెర్షన్‌కీ లోపల ఉండే అంకె అది. ఆండ్రాయిడ్ 7.1కి అది 25, 10కి 29, 13కి 33. వెర్షన్ అంకెను మార్చి చూపించడం తేలిక. ఏపీఐ లెవల్ మారిస్తే యాప్‌లు పిలిచే పనులు లోపల దొరక్క కూలిపోతాయి, అందుకే దాన్ని ముట్టుకోవడం తక్కువ. పైన 13 అని ఉండి కింద 29 కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. అదే యాప్‌లో కోర్ల పేరు, కెర్నల్ (ఆండ్రాయిడ్‌కి అడుగున నడిచే మూల భాగం) అంకె కూడా ఉంటాయి. ఆండ్రాయిడ్ 13 అని చెప్పుకునే దానిలో కెర్నల్ 3.10 కనిపించినా అర్థం అదే.

స్టోరేజ్‌కి యాప్‌లను నమ్మొద్దు, నింపి చూడండి. ఒక పెన్‌డ్రైవ్‌లో మూడు జీబీ చొప్పున ఉన్న వీడియో ఫైళ్లు పెట్టుకుని (ఫ్యాట్32లో ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు) స్టిక్‌లోకి ఒకటి తర్వాత ఒకటి కాపీ చేయండి. 128 అన్నది అయిదారు జీబీ దగ్గరే ‘స్థలం లేదు’ అంటే విషయం తేలినట్టే. కాపీ ఆగకుండా సాగిపోతే సంబరపడకండి, చివర్లో వెనక్కి వెళ్లి మొదట వేసిన ఫైలును పూర్తిగా ప్లే చేయండి. కొన్ని నకిలీ మెమరీలు నిండిపోయాక పాతదాని మీదే కొత్తది రాస్తాయి. మొదటి ఫైలు పాడై ఉంటే అదే ఆధారం. ఇదంతా ఫోన్‌తో వీడియో తీయండి, వాపసు దగ్గర పనికొస్తుంది.

మూడోది బొమ్మ నాణ్యత. డీఆర్‌ఎం ఇన్ఫో అనే యాప్‌లో ‘వైడ్‌వైన్ సెక్యూరిటీ లెవల్’ చూడండి, వైడ్‌వైన్ అంటే సినిమాలు కాపీ కాకుండా వేసే గూగుల్ తాళం. ఎల్1 ఉండాలి. ఎల్3 అని ఉంటే మీరు ప్రీమియం ప్లాన్‌కు ఎంత కట్టినా నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ వీడియో లాంటివి తక్కువ రిజల్యూషన్‌లోనే వస్తాయి, 43 అంగుళాల టీవీ మీద మొహాలు అలికినట్టు కనిపిస్తాయి. నెట్ స్పీడు పెంచినా, కేబుల్ మార్చినా అది బాగుపడదు. హెచ్‌డీ సినిమాను విప్పే తాళంచెవి చిప్‌లోని సురక్షిత భాగంలో ఉంటేనే ఆ సంస్థలు పెద్ద బొమ్మ పంపుతాయి. ఎల్3లో ఆ భాగం వాడరు. నెట్‌ఫ్లిక్స్ అయితే ఎల్1 ఉన్నా సరిపెట్టుకోదు, ఆ మోడల్‌ను తను విడిగా ఆమోదించి ఉండాలి. స్టిక్‌లో కనిపించే నెట్‌ఫ్లిక్స్ ఫోన్ యాప్‌లా ఉండి, రిమోట్‌తో మౌస్ బాణాన్ని జరపాల్సి వస్తే ఆ ఆమోదం లేదనే లెక్క.

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. ప్లే స్టోర్ తెరిచి సెట్టింగ్స్‌లో ‘అబౌట్’ కింద ‘ప్లే ప్రొటెక్ట్ సర్టిఫికేషన్’ చూడండి, ప్లే ప్రొటెక్ట్ అంటే గూగుల్ భద్రతా తనిఖీ. ‘డివైస్ ఈజ్ సర్టిఫైడ్’ అని ఉండాలి. పేరుకు ఆండ్రాయిడ్ అయినా చాలావాటిలో ఉండేది గూగుల్ ఆమోదించిన ఆండ్రాయిడ్ టీవీ కాదు, ఎవరైనా ఉచితంగా తీసుకుని మార్చుకోగల మూల ఆండ్రాయిడ్‌కి టీవీ ముఖం తగిలించినది. ప్లే స్టోర్ ఫోన్‌లో ఉన్నట్టే నిలువు పేజీలతో కనిపించడం దాని గుర్తు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ప్లే ప్రొటెక్ట్ ఆపేయమని అడిగితే ఇంకేమీ చూడకుండా వాపసు పెట్టేయండి.

ఎందుకింత గట్టిగా చెప్పాల్సి వస్తోందంటే, ఈ రకం పరికరాల్లో ఫ్యాక్టరీ నుంచే మాల్‌వేర్ (హాని చేసే దొంగ సాఫ్ట్‌వేర్) వస్తున్న ఉదంతాలు రుజువయ్యాయి. 2023 జనవరిలో టీ95 అనే బాక్సులో ముందే ఎక్కించిన మాల్‌వేర్ బయటపడింది. అదే ఏడాది బ్యాడ్‌బాక్స్ పేరుతో పెద్ద ముఠా పని వెలుగులోకి వచ్చింది. 2024 డిసెంబర్‌లో జర్మనీ సైబర్ భద్రతా సంస్థ బీఎస్ఐ ఆ దేశంలోనే సుమారు 30,000 పరికరాలకు వాటిని దూరం నుంచి నడిపిస్తున్న నేరగాళ్ల సర్వర్లతో సంబంధం తెంచింది. 2025 జూన్‌లో ఎఫ్‌బీఐ బ్యాడ్‌బాక్స్ 2.0 గురించి ప్రజలను హెచ్చరించింది. తర్వాతి నెలలో గూగుల్ దాని వెనకున్నవాళ్ల మీద న్యూయార్క్ కోర్టులో దావా వేసింది, కోటికి పైగా పరికరాలు దాని కిందికి వచ్చాయని చెప్పింది.

ఈ మాల్‌వేర్ మీ సినిమాను ఆపదు, అందుకే ఇంట్లో ఎవరికీ తెలియదు. మీ ఇంటర్నెట్ అడ్రసును (ఐపీ) తెలియనివాళ్లకు అద్దెకిస్తుంది. వాళ్లు చేసే దొంగ లాగిన్‌లు, నకిలీ ఖాతాలు, ప్రకటనల మోసాలు మీ ఇంటి ఐపీ నుంచి జరిగినట్టు నమోదవుతాయి. దర్యాప్తు ఏదైనా మొదలైతే ముందు మీ కనెక్షన్ దగ్గరికే వస్తుంది. గూగుల్‌లో వెతికినప్పుడల్లా ‘నేను రోబో కాదు’ అని నొక్కమంటుంటే అది ఒక ఆనవాలు. ఫ్యాక్టరీ రీసెట్‌తో ఇది పోదు. రీసెట్ చెరిపేది మీరు ఎక్కించిన యాప్‌లు, డేటా ఉండే భాగాన్ని మాత్రమే. మాల్‌వేర్ ఉండేది సిస్టమ్ భాగంలో, రీసెట్ తర్వాత అదే మళ్లీ లేస్తుంది.

అనుమానం ఉంటే రౌటర్‌లో చూడొచ్చు. బ్రౌజర్‌లో జియో రౌటర్‌కి 192.168.29.1, చాలా మిగతా వాటికి 192.168.1.1 కొట్టి లాగిన్ అయితే కలిసి ఉన్న పరికరాల పట్టిక వస్తుంది. రాత్రి టీవీ ఆపి, స్టిక్‌కి కరెంటు మాత్రం ఉంచి, పొద్దున దాని డేటా వాడకం చూడండి. అప్‌డేట్ కోసం ఒకసారి కొంత వాడటం మామూలే. రోజూ అదే గంటల్లో, ముఖ్యంగా అప్‌లోడ్ వైపు వందల ఎంబీ పోతుంటే మాత్రం స్టిక్ పీకేయండి.

ఇప్పటికే మీ అసలు జీమెయిల్ పెట్టి వాడేస్తున్నారా? ఫోన్‌లో గూగుల్ ఖాతా తెరిచి ‘సెక్యూరిటీ’ కింద ‘యువర్ డివైసెస్’లో ఆ స్టిక్‌ని సైన్ అవుట్ చేయండి. తర్వాత పాస్‌వర్డ్ మార్చి, రెండంచెల ధ్రువీకరణ పెట్టండి. నెట్‌ఫ్లిక్స్, జియోహాట్‌స్టార్, ఆహా లాంటి వాటిలోనూ ‘అన్ని పరికరాల నుంచి లాగవుట్’ కొట్టండి. చివరగా వైఫై పాస్‌వర్డ్ మార్చండి. మార్చిన పాస్‌వర్డ్‌ను మళ్లీ ఆ స్టిక్‌లో కొట్టకండి, కొడితే కొత్తదీ దాని చేతికి చిక్కొచ్చు. ఆ స్టిక్‌ని ఇంకొకరికి అమ్మకండి, పనిమనిషికో బంధువులకో ఇవ్వకండి. ఈ-వేస్ట్‌లో వేయండి.

వాపసు విషయానికొస్తే, ‘పాడైంది’ అని పెట్టకండి. అలా పెడితే చాలా సైట్లు అదే నకిలీ ఇంకొకటి పంపి రీప్లేస్‌మెంట్ అంటాయి. ‘ప్రకటనలో చెప్పినట్టు లేదు’ అనే కారణం ఎంచుకుని, ఏపీఐ లెవల్, స్టోరేజ్ పరీక్షల వీడియోలు జతచేయండి. 2020 ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమాల ప్రకారం, ప్రకటించిన లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదు. సైటు ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. ఒప్పుకోకపోతే ఆర్డర్ నంబరు, ప్రకటన స్క్రీన్‌షాట్ సిద్ధంగా పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. ఆ ప్రకటన పేజీ తర్వాత మారిపోతుంది కాబట్టి స్క్రీన్‌షాట్ ఆర్డర్ చేసిన రోజే తీయాలి. కోఠిలోనో సికింద్రాబాద్ సీటీసీలోనో షాపులో కొంటే మోడల్ నంబరు రాసిన బిల్లు అడగండి. ర్యామ్, స్టోరేజ్ అంకెలు కూడా బిల్లు మీద రాయమనండి. రాయనంటే కొనొద్దు.

కొనేముందే పెట్టె మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, దాని పక్కన ఐఎస్ 13252 లాంటి ప్రమాణం నంబరు, ‘ఆర్’ అక్షరం తర్వాత ఎనిమిది అంకెల నంబరు వెతకండి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే ఏ కంపెనీ, ఏ వస్తువు అన్నది వస్తుంది. నంబరు ఉన్నంత మాత్రాన సరిపోదు, ఆ పేరు పెట్టె మీది పేరుతో కలవాలి. వేరే కంపెనీ ఛార్జర్ నంబరును అచ్చేసుకునే అవకాశం ఉంది.

అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న తెలుగువాళ్లకు ఒక మాట. ‘ఒకసారి కడితే జీవితాంతం అన్ని తెలుగు ఛానెళ్లు’ అని అమ్మే బాక్సులూ ఈ కోవలోవే. ఆ ప్రసారాలకు ఛానెళ్ల అనుమతి ఉండదు. సర్వర్ మూసేసిన రోజున మీ డబ్బు పోతుంది, బాక్సు మాత్రం మీ వైఫైలోనే ఉండిపోతుంది.

సెకండ్ హ్యాండ్‌లో కనిపించే విండోస్ స్టిక్‌ల జోలికీ పోకండి. 2015 నాటి ఇంటెల్ కంప్యూట్ స్టిక్ రకంలో ఆటమ్ జెడ్3735ఎఫ్ చిప్, 2 జీబీ ర్యామ్, 32 జీబీ స్టోరేజ్. పెద్ద విండోస్ అప్‌డేట్ దిగడానికే అందులో చోటు చాలకపోవచ్చు. విండోస్ 11 దాని మీద అధికారికంగా నడవదు, విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది.

అన్ని స్టిక్‌లూ చెడ్డవని కాదు. యాప్‌లు అప్‌డేట్ కావడం మానేసిన పాత స్మార్ట్ టీవీకి ఆమోదం ఉన్న స్టిక్ పెట్టడం కొత్త టీవీ కొనడం కన్నా తెలివైన పని, అందులో సందేహం లేదు. మీది ఫుల్ హెచ్‌డీ టీవీ అయినా 2 జీబీ ర్యామ్ ఉన్న 4కే మోడలే తీసుకోండి, 1 జీబీవి రెండేళ్లకే నత్తనడక నడుస్తాయి. ‘4కే’ అన్న పేరు చూసి మాత్రం ఆగిపోకండి. 2025లో వచ్చిన ఫైర్ టీవీ స్టిక్ 4కే సెలెక్ట్‌లో ర్యామ్ 1 జీబీయే. పైగా దానిలో ఆండ్రాయిడ్ ఆధారం లేని వేగా ఓఎస్ ఉంది, బయట దొరికే యాప్ ఫైళ్లు (ఏపీకేలు) ఎక్కవు.

మంచి స్టిక్‌ని కూడా పాడుచేసే పొరపాటు ఒకటుంది, టీవీ వెనక ఉన్న యూఎస్‌బీ పోర్టు నుంచి కరెంటు ఇవ్వడం. యూఎస్‌బీ 2.0 పోర్టు ప్రమాణం ప్రకారం ఇచ్చేది 0.5 ఆంపియర్, అంటే రెండున్నర వాట్లు. స్టిక్‌తో వచ్చే అడాప్టర్ సాధారణంగా అయిదు వాట్లది. మెనూ తిరిగినంతసేపు బాగానే ఉంటుంది, 4కే వీడియో మొదలుకాగానే వోల్టేజ్ పడిపోయి వైఫై తెగొచ్చు లేదా స్టిక్ రీస్టార్ట్ కావచ్చు. చాలా టీవీల్లో టీవీ ఆపితే ఆ పోర్టులో కరెంటు కూడా పోతుంది. అప్పుడు అప్‌డేట్ సగంలో ఉంటే స్టిక్ లోగో దగ్గరే ఆగిపోయి మళ్లీ లేవకపోవచ్చు. పెట్టెలో వచ్చిన అడాప్టర్, పెట్టెలో వచ్చిన కేబులే వాడండి. పొడవు చాలక వేరే కేబుల్ కొంటే సన్నని తీగ వద్దు, దానిలోనే వోల్టేజ్ తగ్గుతుంది. యూఎస్‌బీ మీటర్ ఉంటే వీడియో నడుస్తుండగా 4.75 వోల్టుల కిందికి పడుతోందేమో చూడండి. హెచ్‌డీఎంఐ ఎక్స్‌టెండర్ ముక్క పెట్టెలో ఉంటే పారేయకుండా వాడండి. స్టిక్ టీవీ వెనక రేకుకు దూరంగా జరిగి వేడి తగ్గుతుంది, వైఫై అందుతుంది.