ప్రెప్ మాత్ర చాలాకాలం వాడాక నా రివ్యూ: మందు మంచిదే, చెప్పే నాథుడే లేడు

సూదితో మత్తు తీసుకునే మనవాళ్ళ కోసం రాస్తున్నా, నేను డాక్టర్ని కాదు, వాడినవాణ్ణి అంతే. ప్రెప్ అంటే హెచ్‌ఐవీ రాకుండా ముందునుంచే రోజూ వేసుకునే మాత్ర, టెనోఫోవిర్, ఎమ్‌ట్రిసిటబైన్ రెండూ ఒకే బిళ్ళలో ఉంటాయి. దీనికి అమెరికాలో 2012లోనే పర్మిషన్ వచ్చింది, 2015లో డబ్ల్యూహెచ్‌ఓ కూడా రిస్క్ ఎక్కువున్న వాళ్ళెవరికైనా ఇవ్వమంది. ఆ కబురు మనదాకా మాత్రం రాలేదు. ఏళ్ళ తరబడి సెంటర్‌కి వెళ్ళి పాత సూదులు డబ్బాలో పడేసి కొత్తవి తెచ్చుకుంటూనే ఉన్నా, టెస్టులు చేశారు, కండోములు చేతిలో పెట్టారు, ఈ మాత్ర ఊసు మాత్రం ఒక్కళ్ళూ ఎత్తలేదు. గోడమీద పోస్టర్ ఉండేది, అందులో ఇద్దరు మగాళ్ళు చేతులు పట్టుకుని నవ్వుతుంటారు, అది గేలకి సంబంధించిందిలే అని మేమంతా దాని పక్కనుంచే పోయేవాళ్ళం. చివరికి నాకు చెప్పింది బుప్రెనార్ఫిన్ (మత్తు మానడానికి దాని బదులు ఇచ్చే మందు) లైన్లో నా ముందు నిలబడ్డ ఒకాయన, వాళ్ళావిడకి పాజిటివ్ అని ఆయనకి రాసిచ్చారంట.

వాడటం పెద్ద కష్టమేం కాదు. మొదటి రెండు మూడు వారాలు వికారం, గ్యాస్, కాస్త తలనొప్పి, తర్వాత వేసుకున్నట్టే తెలీదు. బుప్రెనార్ఫిన్‌తోపాటే వేసుకుంటా కాబట్టి మర్చిపోను, రెండింటికీ గొడవ లేదని డాక్టరే చెప్పింది. అంతకుముందు వేరేచోట ఒకాయన దగ్గరికెళ్తే "మీరు రోజూ మాత్ర వేసుకునే రకమేనా" అని మొహంమీదే అన్నాడు. అరె, రోజూ టైమ్‌కి మందు కోసం పరిగెత్తేది మాకన్నా ఎవడు బాబూ!

పనిచేస్తుందా అంటే, బ్యాంకాక్‌లో దాదాపు 2,400 మంది సూది వాడేవాళ్ళ మీద టెనోఫోవిర్ ఒక్కటే రోజూ ఇచ్చి చూశారు, 2013లో రిజల్ట్ వచ్చింది, మొత్తంమీద హెచ్‌ఐవీ సోకడం 49 శాతం దాకా తగ్గింది, రక్తంలో మందు కనిపించిన వాళ్ళని చూస్తే 74 శాతం దాకా. అంటే మానకుండా వేసుకుంటేనే. ఇంకోటి, మొదలెట్టిన రోజునుంచే రక్షణ ఉండదు, సూది రిస్క్‌కి సుమారు మూడు వారాలు పడుతుంది. సెక్స్‌కి ముందూ వెనకా వేసుకునే పద్ధతి ఒకటుంది చూడండి, అది సూది రిస్క్‌కి పనికిరాదు. ఆల్రెడీ ఎవరిదైనా సూది వాడేసి భయపడుతుంటే ఇది కాదు, 72 గంటల్లోపు పెప్ (రిస్క్ జరిగిపోయాక హెచ్‌ఐవీ సోకకుండా వేసుకునే మందులు) మొదలెట్టాలి, అది 28 రోజుల కోర్సు.

మైనస్‌లు ఉన్నాయి. మూడు నెలలకోసారి హెచ్‌ఐవీ టెస్ట్, అప్పుడప్పుడూ కిడ్నీ కోసం క్రియాటినిన్, నా నరాలు దొరక్క ఆ రక్తం తీయడమే పెద్ద తంటా. హెపటైటిస్ సి ని ఇది ఆపదు, చీము గడ్డల్ని ఆపదు, ఓవర్‌డోస్ సంగతి చెప్పక్కర్లేదు, కాబట్టి కొత్త సిరంజి, ఎవరి దూది, నీళ్ళు వాళ్ళవే, ఇవి మామూలే. హెపటైటిస్ బి ఉంటే మాత్రం మీ అంతట మీరు ఆపేయొద్దు, అది ఒక్కసారిగా తిరగబెట్టొచ్చు, అందుకే మొదట్లోనే ఆ టెస్ట్ చేస్తారు.

అన్నిటికన్నా చిరాకు ఆ డబ్బా. మా రూమ్మేట్ లేబుల్ చదివి నెట్‌లో వెతికి, అది హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళకిచ్చే మందని చూసి, ఆ రాత్రే తన గ్లాసు, ప్లేటు వేరే పెట్టుకున్నాడు. అవే మందులు రెండిటికీ వాడతారని, నాది నెగెటివ్ రిపోర్టని పేపర్ చూపించి చెప్తే సగం నమ్మాడు, గ్లాసు మాత్రం ఇంకా వేరేనే. ఇప్పుడు మాత్రల్ని మామూలు విటమిన్ డబ్బాలో పోసి పెట్టుకుంటున్నా.

ఆర్నెల్లకోసారి వేసే లెనకపవిర్ ఇంజెక్షన్‌కి 2025లో అమెరికాలో పర్మిషన్ వచ్చింది, కాకపోతే అది సెక్స్ ద్వారా సోకకుండా అని ఇచ్చిన పర్మిషన్. డబ్బా దాచే బాధ తప్పుతుందని ఆశపడి మా డాక్టర్ని అడిగా, ప్రస్తుతానికి మాత్రే కంటిన్యూ చెయ్యమంది.