గ్రేషియన్ రాతప్రతుల మీద డిజిటల్ పనిముట్లు: చాలాకాలం వాడాక సమీక్ష

మధ్యయుగపు చర్చి చట్టం చదివేవాళ్లు ఎటు తిరిగినా ఆ చట్టాలను సంకలనం చేసిన గ్రేషియన్ దగ్గరికే వస్తారు. 1140 ప్రాంతంలో బొలోన్యాలో తయారైన ఆయన సంకలనం ‘డెక్రెటుమ్’కు 600కు పైగా రాతప్రతులు మిగిలాయి. అందరూ ఉటంకించే అచ్చుప్రతి మాత్రం జర్మన్ పండితుడు ఫ్రీడ్‌బెర్గ్ 1879లో లైప్సిగ్‌లో వేసినదే. దానికి ఆయన వాడుకున్నవి 8 రాతప్రతులు. ఏదైనా కానన్‌లో, అంటే చర్చి నియమంలో, ఒక మాట గురించి అనుమానం వస్తే రాతప్రతి తెరవక తప్పదు. యూరప్ వెళ్లకుండానే ఆ పని చేసుకోవడానికి ఇప్పుడు నాలుగు రకాల పనిముట్లున్నాయి: పుటల చిత్రాలు చూపే వ్యూయర్లు, కానన్ల సూచికలు, చేతిరాత చదివే ప్రోగ్రాములు, పాఠాలను పోల్చే ప్రోగ్రాములు. నాలుగూ వరసగా వాడిన మీదట నా అభిప్రాయం ఇది. చూడటానికీ వెతకడానికీ ఇవి ఎంతో మేలు చేస్తాయి. చదివే పని మాత్రం వాటికి వదిలేయకూడదు. అన్నిటికంటే ముఖ్యం, పుటలో ఏ మాట ఎక్కడ ఉందో ఆ సమాచారాన్ని ఏ దశలోనూ పోనివ్వకూడదు.

ఎందుకంటే గ్రేషియన్ విషయంలో చోటే సాక్ష్యం. డెక్రెటుమ్ రెండు దశల్లో తయారైందని, మొదటి కూర్పు మనకు తెలిసిన దానికంటే బాగా చిన్నదని చరిత్రకారుడు ఆండర్స్ విన్రోత్ నిరూపించారు. ఫ్లోరెన్స్‌లో ఉన్న ప్రతిలో ఆ చిన్న కూర్పు ప్రధాన పాఠంగా ఉంది. తర్వాత చేరిన కానన్లు కొన్ని అంచుల్లో, మరికొన్ని చివర అనుబంధంగా ఉన్నాయి. ఆస్ట్రియాలోని ఆడ్మాంట్ మఠం ప్రతిలోనూ అలాంటి అనుబంధం ఉంది. అంచులో ఉన్న కానన్‌ను ప్రోగ్రాము తీసుకెళ్లి ప్రధాన పాఠంలో కలిపిందంటే, అక్షరం పొల్లుపోకుండా చదివినా ఆ సాక్ష్యం పోయినట్టే.

వ్యూయర్ల సంగతి త్వరగా చెప్పేయొచ్చు, ఎందుకంటే అవి బాగా పనిచేస్తాయి. స్విట్జర్లాండ్ ప్రతులకు ఈ-కోడిచెస్, పారిస్ ప్రతులకు గాలికా, వాటికన్ ప్రతులకు డిజివాట్‌లిబ్. మూడూ చిత్రాలను పంచుకునే ఉమ్మడి పద్ధతి ఐఐఐఎఫ్‌ను పాటిస్తాయి కాబట్టి ఒక్కోదాని సొంత వ్యూయర్‌లో చూడనక్కర్లేదు. రాతప్రతి మ్యానిఫెస్ట్ (దాని చిత్రాల జాబితా) లింకు కాపీ చేసి మిరడార్ అనే వ్యూయర్‌లో వేస్తే, స్విట్జర్లాండ్‌లోని సాంక్ట్ గాలెన్ 673వ ప్రతినీ పారిస్ ప్రతినీ పక్కపక్కనే తెరుచుకోవచ్చు. రెండింటిలోనూ ఉన్న ఏదో ఒక కానన్ దగ్గర ఆపి చూస్తే చాలు, ఈ పద్ధతి ఎంత పని తగ్గిస్తుందో తెలుస్తుంది.

ఐఐఐఎఫ్ చిత్రం లింకులో చివరి నాలుగు భాగాలు నేర్చుకోవడం తప్పనిసరి. అవి వరసగా ప్రాంతం, పరిమాణం, తిప్పే కోణం, నాణ్యత. ప్రాంతం దగ్గర ఎడమ, పై, వెడల్పు, ఎత్తు అంకెలు పిక్సెళ్లలో ఇస్తే ఆ ఒక్క వరసే వస్తుంది. నెట్ నెమ్మదిగా ఉన్నచోట మొత్తం పుట దిగేదాకా ఆగనక్కర్లేదు. నోట్సులో ఆ లింకే పెట్టుకుంటే చదివేవాళ్లు కూడా సరిగ్గా అదే వరస చూస్తారు. పూర్తి పరిమాణం కోసం పాత సర్వర్లకు ‘ఫుల్’ అని, కొత్త వాటికి ‘మ్యాక్స్’ అని ఇవ్వాలి. లింకు పనిచేయకపోతే ముందు చూడాల్సింది ఇదే. చిత్రం సంఖ్య, పత్రం సంఖ్య ఒకటి కాదు. అట్ట, ఖాళీ పత్రాలు కూడా చిత్రాల లెక్కలో చేరతాయి. అందుకే ‘14 వెర్సో (పత్రం వెనక వైపు), రెండో కాలమ్’ అన్నట్టు పత్రం లెక్కే రాయాలి.

ఇంకో జాగ్రత్త. చాలాచోట్ల పెట్టినవి పాత నలుపు-తెలుపు మైక్రోఫిల్మ్ నుంచి తీసినవి. వాటిలో ఎర్రసిరా శీర్షికలు మామూలు రాత రంగులోనే కనిపిస్తాయి. కానన్ ఎక్కడ మొదలైందో చెప్పేవి ఆ శీర్షికలే కాబట్టి, రంగు చిత్రాలున్న ప్రతి దొరికితే పని దానితోనే మొదలుపెట్టాలి.

సూచికల్లో అన్నిటికంటే విలువైనది లిండా ఫౌలర్-మాగెర్ల్ కట్టిన ‘క్లావిస్ కానోనుమ్’. 2005లో సీడీతో పుస్తకంగా వచ్చింది, ఇప్పుడు మధ్యయుగపు మూలాలు ప్రచురించే జర్మన్ సంస్థ ఎమ్‌జీహెచ్ సైట్‌లో ఉచితం. ప్రధానంగా 1140కి ముందరి సంకలనాల్లోని కానన్లకు ఆరంభ పదాలు, ముగింపు పదాలు ఇందులో ఉన్నాయి. గ్రేషియన్ ఏ కానన్‌ను ఎక్కడ నుంచి తీసుకున్నాడో వెతకడానికి దీనిని మించింది లేదు. ఇటలీలోని లూకా నగర బిషప్ ఆన్సెల్మ్ సంకలనమా, షార్త్ర్ బిషప్ ఈవో పేరుతో ఉన్న పానోర్మియానా, త్రిపార్తితానా అన్నది తేల్చాలంటే ఆరంభ పదాలు సరిపోవు. ఒకే కానన్‌ను ఒక్కో సంకలనకర్త ఒక్కోచోట కత్తిరించాడు, అందుకే ముగింపు పదాలే అసలు ఆధారం. పోపు పేరుతో వెతకడం మొదలుపెట్టొద్దు. రాతప్రతుల్లో ఆ పేర్లు తరచూ తారుమారవుతాయి. వర్ణక్రమం కూడా నిలకడగా ఉండదు: ‘నిహిల్’ అని ఒకరు, ‘నికిల్’ అని మరొకరు రాస్తారు. పదం మొత్తం కాకుండా మారని మొదటి నాలుగైదు అక్షరాలతో, అలాంటి రెండు మూడు పదాలు కలిపి వెతికితే ఫలితాలు దొరుకుతాయి.

ఇక చేతిరాత చదివే ప్రోగ్రాములు, ట్రాన్స్‌క్రిబస్, ఈస్క్రిప్టోరియం. ఆశలు, చిక్కులు రెండూ ఇక్కడే ఎక్కువ. రెండింటిలోనూ పని తీరు ఒకటే: ముందు పుటలో ప్రాంతాలు, వరసల అడుగు గీతలు గుర్తించాలి, తర్వాత రాత చదవడానికి శిక్షణ ఇచ్చిన మోడల్ నడపాలి. సొంత మోడల్ తయారు చేసుకోవాలంటే చేత్తో సరిచూసిన 5,000 నుంచి 15,000 పదాలు కావాలి. కాబట్టి దగ్గరి కాలపు లాటిన్ రాతకు ఉన్న మోడల్‌ను తీసుకుని, మన లేఖకుడి చేతిరాతకు కొంచెం కొంచెంగా అలవాటు చేయడమే మంచి దారి.

మోడల్ తప్పుగా చదివే అక్షరాల శాతం చూసి మోసపోకూడదు. కాలమ్‌కు 45 వరసలు, వరసకు 35 అక్షరాలున్న రెండు కాలమ్‌ల పుటలో 3,150 అక్షరాలుంటాయి. తప్పు 2 శాతమే అయినా పుటకు 63 తప్పులు. అవి అన్నిచోట్లా సమానంగా పడవు, ఎక్కువగా పదాలను కుదించి రాసే సంక్షిప్త గుర్తుల మీదే పడతాయి. ‘పి’ అక్షరం కిందికాలికి అడ్డంగా గీత ఉంటే ‘పెర్’, అదే కాలు ఎడమకు వంపు తిరిగితే ‘ప్రో’, పైన గీత ఉంటే ‘ప్రే’. మూడింటికీ తేడా వెంట్రుకవాసి. అంతకన్నా ప్రమాదం ‘ఎన్’ మీది చిన్న గీత. అది ‘నోన్’, అంటే ‘కాదు’. మోడల్ ఆ గుర్తును మొత్తంగా వదిలేస్తే నిషేధం కాస్తా అనుమతి అవుతుంది, వాక్యం మాత్రం వ్యాకరణం ప్రకారం చక్కగానే ఉంటుంది కాబట్టి చదువుతూ పోతే పట్టుబడదు. అందుకే సంక్షిప్తాలను విప్పి ఇచ్చే మోడల్ కంటే, ఉన్నవి ఉన్నట్టు చూపే క్యాట్మస్ లాంటి మోడల్ నాకు నచ్చుతుంది. విప్పే పని మనం చేస్తే ఎక్కడ ఊహించామో మనకు తెలుస్తుంది.

అడుగు గీతల దశలో తప్పకుండా వచ్చే తప్పు ఒకటుంది. లేఖకుడు నల్లసిరాతో రాసుకుంటూ పోయి, కానన్ ముగిసిన వరసలో మిగిలిన ఖాళీని శీర్షికకు వదిలేవాడు. ఎర్రసిరా శీర్షిక అక్కడ పట్టకపోతే, తర్వాతి కానన్ మొదటి వరసల చివర్లోకి దిగేది. ప్రోగ్రాము దాన్ని ఒకే గీతగా చదివి పాత కానన్ తోక, శీర్షిక, కొత్త కానన్ తల కలిపేస్తుంది. రంగు మారిన చోట గీతను చేత్తో విడగొట్టి, శీర్షిక అని గుర్తు పెట్టాలి. వ్యాఖ్యలున్న ప్రతుల్లో పని ఇంకా పెరుగుతుంది. 1215 ప్రాంతంలో యోహానెస్ ట్యూటోనికుస్ రాసిన ప్రామాణిక వ్యాఖ్య పాఠం చుట్టూ నాలుగు వైపులా ఉంటుంది. ప్రాంతాలను చేత్తో గీయకుండా అలాంటి పుటను మోడల్‌కు ఇవ్వొద్దు. అంచుల్లో వేరే చేతిరాతలో ఉన్న ప్రతిదానికీ వేరే ప్రాంతం, వేరే ట్యాగ్ ఇవ్వాలి. ఫలితాన్ని ఒట్టి టెక్స్ట్‌గా కాకుండా పేజ్ ఎక్స్‌ఎమ్‌ఎల్‌గా దించుకోవాలి, అందులో ప్రతి వరస ఎక్కడుందో కొలతలతో సహా నిలుస్తుంది.

పోల్చడానికి కొలేట్‌ఎక్స్. మొత్తం కౌసా (డెక్రెటుమ్‌లో ఒక వ్యాజ్యం చుట్టూ నడిచే పెద్ద విభాగం) ఒకేసారి ఇస్తే వరసలు చెదిరిపోతాయి. కానన్‌కు ఒకసారి నడపాలి. ప్రతి పదాన్నీ రెండు రూపాల్లో ఇవ్వాలి: ప్రతిలో ఉన్నట్టు ఒకటి, పోలిక కోసం వర్ణక్రమం సమం చేసినది ఇంకొకటి. అలా చేయకపోతే ‘ఏఈ’ బదులు ‘ఈ’, ‘టీఐ’ బదులు ‘సీఐ’ రాసిన చోట్లన్నీ పాఠాంతరాలై కూర్చుంటాయి, అసలు తేడా వాటిలో మునిగిపోతుంది. ప్రతులను ఇచ్చే వరస మారితే ఫలితం కూడా మారొచ్చు. ముందు బాగా దగ్గరి ప్రతులు, చివర ఎక్కువ తేడా ఉన్నవి ఇవ్వడం మేలు.

ఖర్చు విషయానికొస్తే మిరడార్, క్లావిస్, కొలేట్‌ఎక్స్ పూర్తిగా ఉచితం. ఈస్క్రిప్టోరియం కూడా ఉచితమే, కానీ సొంత సర్వర్ మీద పెట్టుకునే ఓపిక ఉండాలి. ట్రాన్స్‌క్రిబస్‌కు పుటల లెక్కన క్రెడిట్లు పోతాయి. మీ పని రెండు మూడు కానన్లకే అయితే ఈ రెండింటి జోలికీ పోకండి; మిరడార్‌లో పుట తెరిచి, పక్కన కాపెల్లి సంక్షిప్తాల నిఘంటువు పెట్టుకుని చేత్తో రాసుకోవడమే తొందరగా అవుతుంది.