ఆకుల ముద్రణ శిక్షణకు డబ్బు కట్టే ముందు ఈ సంగతి తెలుసుకోండి

నల్లగొండలో ఒక అద్దె హాలులో రెండు రోజులు జరిగిన ‘ఆకులు, పూలతో బట్టలపై ముద్రణ’ (ఆకులు, పూలు బట్టపై పరిచి, చుట్టి, ఆవిరి పట్టి వాటి రంగును బట్టకు దించడం) శిక్షణకు 3,500 రూపాయలు, వారిచ్చే సామాన్ల పెట్టెకు మరో 1,800 రూపాయలు చెల్లించి నేను మోసపోయాను. అదే బృందం వచ్చే నెల మహబూబ్‌నగర్‌లోనూ, ఆ తర్వాత వనపర్తిలోనూ తరగతులు పెడుతున్నట్టు ప్రకటించింది కనుక, అక్కడివారు డబ్బు కట్టకముందే చదవాలని ఇంత వివరంగా రాస్తున్నాను.

నేను చేరింది వారు చూపిన ఒక నూలు చున్నీని చూసి. దాని మీద టేకు ఆకులు ఈనెలతో సహా ఎర్రగా, వాటి మధ్య కాగితం పూలు ముదురు గులాబి రంగులో ఎంతో అందంగా ఉన్నాయి. ఇంటికి వచ్చాక నేను తీసుకున్న ఫోటోను పెద్దది చేసి చూస్తే, ఒక టేకు ఆకు అంచున పురుగు కొరికిన చిన్న రంధ్రం, దాని పక్కనే తెగిన ఈనె, అచ్చం అదే రూపంలో నాలుగు చోట్ల కనిపించాయి. చెట్టు నుంచి కోసిన ఏ రెండు ఆకులూ ఒకేలా ఉండవు, ఒకే ఆకును మళ్లీ పరిచినా రెండోసారి రంగు పలచబడుతుంది. అది యంత్రం మీద అచ్చు వేసిన బట్ట అని నాకు అప్పుడు అర్థమైంది. పైగా కాగితం పూల గులాబి రంగు నూలు మీద నిలిచేది కాదు, ఉతుకుకూ ఎండకూ త్వరగా వెలిసిపోతుంది.

పెట్టెలోని సామాను ఇంకా అన్యాయం. నూలు తనంతట తాను ఆకు రంగును పట్టుకోదు. ముందు కరక్కాయ నీటిలో తడిపి ఆరబెట్టి, ఆపైన పటిక నీటిలో నానబెట్టాలి. శ్రీకాళహస్తి కలంకారీ పనివారికి కూడా కరక్కాయ లేనిదే పని మొదలుకాదు. ఈ పెట్టెలో కరక్కాయ అసలు లేదు, ‘పటిక’ అని రాసిన పొట్లంలోని పొడి మీద మా అత్తమ్మకే మొదట అనుమానం వచ్చింది. ఆమె రెండు గ్లాసుల్లో బురద నీళ్లు పోసి, ఒకదానిలో ఆ పొడిని, రెండోదానిలో కిరాణా దుకాణం నుంచి తెచ్చిన పటికను కలిపి పక్కన పెట్టింది. కొంతసేపటికి కిరాణా పటిక వేసిన నీళ్లు తేరుకుని అడుగున మడ్డి దిగింది, పెట్టెలోని పొడి వేసిన నీళ్లు మాత్రం అలాగే మురికిగా ఉండిపోయాయి. ఫ్లోరైడ్ నీటిని పటిక, సున్నంతో శుద్ధి చేసే విధానానికి మన జిల్లా పేరు మీదే ‘నల్లగొండ పద్ధతి’ అని పేరు వచ్చింది. ఇక్కడివారికే దొంగ పటిక అంటగట్టడం నన్ను చాలా బాధించింది.

పెట్టెలోని బట్ట నుంచి ఒక పోగు లాగి నిప్పు పెడితే, కాగితంలా కాలి మెత్తటి బూడిద కావాల్సింది పోయి, కరిగి గట్టి నల్లపూసలా ముడుచుకుంది. నూలు అని అమ్మింది పాలిస్టర్ కలిసిన బట్ట. నేను వేసిన ముద్ర మొదటి ఉతుకులోనే పోయిందని ఫోన్ చేస్తే, మీ నల్లగొండ బోరు నీళ్ల వల్లే అలా జరిగిందని సమాధానం ఇచ్చారు. అందుకే అదే బోరు నీళ్లతో, కిరాణా పటిక, కరక్కాయ పొడితో సిద్ధం చేసిన అసలు నూలు గుడ్డ మీద లేత టేకు ఆకులు పరిచి, చుట్టి, దారంతో బిగించి గంటన్నర ఆవిరి పట్టాను. చిన్నప్పుడు అరచేతిలో నలిపితే అంటుకునే ఆ ఎరుపే గుడ్డ మీద ఈనెలతో సహా దిగింది, మూడుసార్లు ఉతికినా ఇంకా ఉంది. నా డబ్బు మాత్రం తిరిగి ఇవ్వలేదు.

డబ్బు కన్నా నన్ను ఎక్కువ భయపెట్టింది మరొకటి. ముద్రను నల్లబరచడానికి అన్నభేది (ఇనుము లవణం) వాడుతూ, ఇంట్లోని ఇడ్లీ పాత్రలోనే ఆవిరి పట్టవచ్చని తరగతిలో చెప్పారు. దయచేసి అలా ఎవరూ చేయకండి. ఈ పనికి వాడిన పాత్రను మళ్లీ వంటకు వాడకూడదు, అన్నభేదిని పిల్లలకు అందకుండా పెట్టాలి.

చేరాలనుకునేవారు నమూనా బట్టను తిరగేసి చూడండి, అక్కడికక్కడే మీ కళ్ల ముందు ఒక చుట్ట విప్పి ఉతికి చూపమని అడగండి, పెట్టెలోని బట్ట నుంచి ఒక పోగు ఇవ్వమనండి. ఇప్పటికే నష్టపోయినవారు రసీదు, ప్రకటన, ఫోన్ సందేశాలు దాచుకుని జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోన్ చేయవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, అమ్మినవారు ఎక్కడివారైనా మనం నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే రెండేళ్ల లోపు ఫిర్యాదు చేయవచ్చు, 5 లక్షల రూపాయల లోపు వ్యవహారానికి రుసుము కూడా లేదు. నేను ఆ ఫిర్యాదు సిద్ధం చేస్తున్నాను. రెండు గ్లాసుల ఫోటో, కరిగిన పోగు, వెలిసిపోయిన గుడ్డ దానికి జతచేస్తున్నాను. అదే తరగతికి వచ్చినవారు ఎవరైనా ఉంటే తమ పెట్టెను పారేయకుండా భద్రపరచండి.