జయపురంలో పాత కారు కొంటున్నారా? ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే చూడండి

ఒడిశాలో కోరాపుట్, జయపురం వైపు సెకండ్ హ్యాండ్ పెట్రోల్ బండి చూస్తున్న మనవాళ్లకు ఈ పోస్టు. మా బావమరిది ఈమధ్య జయపురంలో ఒక డీలర్ దగ్గర పాత హ్యాచ్‌బ్యాక్ తీసుకున్నాడు. వెళ్లేసరికే బండి స్టార్ట్ చేసి, వేడెక్కించి ఉంచారు. స్లో స్పీడ్ (బండి నిలబడి ఉండగా యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ తిరిగే వేగం) బ్రహ్మాండంగా ఉంది. తీరా సుంకి ఘాట్ దిగి సాలూరు వస్తుంటే, యాక్సిలరేటర్ మీద కాలు తీసినా బండి తోసుకుపోతోంది. గేర్లో పట్టు లేదు.

మెకానిక్ చూస్తే సంగతి బయటపడింది. ఇంజన్‌కి వెళ్లే గాలిని అదుపు చేసే త్రాటిల్ బాడీకి కంపెనీలోనే సెట్ చేసే స్టాప్ స్క్రూ ఉంటుంది, దాన్ని ముట్టుకోకూడదు. డీలర్ వాళ్లు దాన్ని తిప్పి రేస్ పెంచేశారు. స్లో స్పీడ్‌ని నిలబెట్టే ఐడిల్ వాల్వ్ ఇరుక్కుపోయిందని కొనేవాడికి తెలియకుండా చేసిన పని అది.

కాలు తీసేస్తే త్రాటిల్ పలక మూసుకుంటుంది. అప్పుడు ఇంజన్‌కి గాలి పక్కనున్న సన్న దారిలో వెళ్తుంది. ఆ దారి ఎంత తెరవాలో ఈసీయూ (ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్) చెబుతుంది, ఐడిల్ వాల్వ్‌లోని చిన్న మోటారు సూదిని ముందుకో వెనక్కో జరుపుతుంది. పొద్దున్నే చల్లటి ఇంజన్‌కి, ఏసీ వేసినప్పుడు, పవర్ స్టీరింగ్ చివరిదాకా తిప్పినప్పుడు గాలి ఎక్కువ కావాలి. కార్బన్ పట్టి సూది కదలకపోతే బండి ఉన్నట్టుండి ఆగిపోతుంది, లేదా ఆర్పీఎం ముల్లు ఊగుతుంది. చాలాసార్లు త్రాటిల్ క్లీనర్‌తో శుభ్రం చేస్తే సరిపోతుంది. అంత చిన్న పని మానేసి స్క్రూ తిప్పడం ఏం బుద్ధో! స్క్రూ తిప్పితే త్రాటిల్ మూసుకున్నట్టు సెన్సార్‌కి తెలియదు, దిగుడులో ఆపాల్సిన పెట్రోలు ఈసీయూ ఆపదు. ఘాట్‌లో తోసుకుపోయింది అందుకే. అడిగితే డీలర్ "పాత బండి కదా బాబూ" అన్నాడు, అంతే.

కాబట్టి చెప్పాపెట్టకుండా పొద్దున్నే వెళ్లండి. బానెట్ మీద చెయ్యి పెట్టి, చల్లగా ఉంటేనే స్టార్ట్ చేయించండి. వేడెక్కాక స్లో స్పీడ్ సుమారు 700 నుంచి 900 ఆర్పీఎం మధ్య నిలవాలి. ఏసీ, హెడ్‌లైట్లు వేసి, స్టీరింగ్ తిప్పి చూడండి. వాక్యూమ్ పైపు చిట్లినా రేస్ పెరుగుతుంది, అదీ చూపించుకోండి.

యాక్సిలరేటర్ కేబుల్ లేని కొత్త బండ్లలో ఈ వాల్వ్ విడిగా ఉండదు, త్రాటిల్ మోటారే ఆ పని చేస్తుంది. అలాంటి బండికి ఎవరైనా "ఐడిల్ వాల్వ్ మార్చాం" అని బిల్లు వేస్తే, పాత పార్టు చూపించమనండి.

విజయనగరం వైపు రిజిస్ట్రేషన్ మార్చుకునేవాళ్లు ఎన్‌వోసీకి (అభ్యంతరం లేదని ఆర్టీవో ఇచ్చే పత్రానికి) పెట్టకముందే ఇదంతా చూసుకోండి. కాగితాలు కదిలాక బండి వెనక్కి తీసుకోమంటే ఏ డీలరూ వినడు.